కుడిచేతి వాటా

కోడలు రబ్బరు గిన్నెలో ప్లాస్టర్ కలుపుతోంది. పొడి నీళ్ళలో పడ్డాక ఇక ఎవరి కోసమూ ఆగదు. చపటా కత్తితో గిన్నె అంచుకేసి రుద్ది, బుడగలు పైకి తేలేలా గిన్నెను బల్లకేసి తడుతోంది. పళ్ళ డాక్టరు పంపిన అచ్చులో ఎవరిదో పై దవడ ఉంది. ప్లాస్టర్‌లో ఒక్క బుడగ చిక్కుకుపోయినా, దాని మీద తయారయ్యే కట్టుడు పళ్ళు ఆ మనిషి చిగురును కొరుక్కుతింటాయి.

నిన్న మధ్యాహ్నం నుంచి ఆ ఇంట్లో చప్పుడంటే ఇదే.

"గిన్నె ఏం చేసిందమ్మాయ్? కోపం నా మీద కదా, నన్నే నాలుగు అను," అంది అత్తగారు వంటింటి గుమ్మంలో నిలబడి.

"బుడగలు పోవాలత్తయ్యా."

"అవి ఎప్పుడో పోయాయి."

కోడలు తట్టడం ఆపింది. ప్లాస్టర్‌ను ఒక మూల నుంచి మెల్లగా అచ్చులోకి జార్చింది. తెల్లటి ముద్ద చిగురు గాడి వెంట పాకుతుంటే చూస్తూ కూర్చుంది. కోపం ఉండవలసిన చోట వెతుక్కుంటే ఏమీ తగలలేదు. మత్తు సూది పొడిచాక నాలుకతో చిగురును తడుముకున్నట్టుంది. అది తనదే, కానీ తెలియడం లేదు.

మేస్త్రీ కిటికీ పక్కన కుర్చీలో ఉన్నాడు. పళ్ళ డాక్టర్లందరూ కోడలి భర్తను అలాగే పిలుస్తారు. మైనంలో పళ్ళు అమర్చి చిగుళ్ళు చెక్కడంలో ఆయన చేతికి పేరు. మూడు నెలల క్రితం ఒక ఉదయం మెదడులో ఎడమవైపు రక్తం ఆగిపోయి, ఆ కుడిచేయి తొడ మీదికి జారి అక్కడే ఉండిపోయింది. కాలు తిరిగి వచ్చింది. మూతి దాదాపు సర్దుకుంది. చేయి రాలేదు.

ఇప్పుడు బాగున్న ఎడమచేతికే వేళ్ళు లేని మందపాటి తొడుగు వేసి, మణికట్టు దగ్గర పట్టీ బిగించి ఉంచారు. మెలకువగా ఉన్నంతసేపూ అది తీయకూడదు. బాగున్న చేయి ఊరికే ఉంటే తప్ప బాగాలేనిది పనికి రాదని, ఆస్పత్రి నుంచి వచ్చే ఎక్సర్‌సైజుల అమ్మాయి చెప్పింది. అత్తగారు ఆ తొడుగుకు బొంత అని పేరు పెట్టింది. రెండు వారాల వైద్యం. ఇవాళ్టితో సరి.

నిన్న కోడలు పళ్ళ సెట్టు ఇవ్వడానికి వెళ్తే క్లినిక్ మూసి ఉంది. రోజూ వచ్చే వేళకన్నా ముందే తిరిగి వచ్చింది. కిటికీలోంచి చూస్తే బొంత నేల మీద ఉంది. అత్తగారు స్టూలు మీద కూర్చుని ముద్ద వెంట ముద్ద కొడుకు నోట్లో పెడుతోంది. మేస్త్రీ నోరు తెరుస్తున్నాడు, మింగుతున్నాడు, మళ్ళీ తెరుస్తున్నాడు. ఇద్దరూ ఏదో బండి అందుకోవాలన్నట్టు తొందరపడుతున్నారు.

ఆమె లోపలికి వెళ్ళలేదు. వీధి చివర మందుల షాపు మెట్ల మీద కాసేపు కూర్చుని, రోజూ వచ్చే వేళకే వచ్చింది. అప్పటికి బొంత చేతికి ఉంది. కంచం కడిగేసి ఉంది. కోడలి చేతిలో పళ్ళ డబ్బా అలాగే తిరిగి రావడం అత్తగారు చూసింది, ముందే వచ్చి అంతా చూసిపోయిందని గ్రహించింది. అంతే. మాటలు ఆగిపోయాయి.

"కన్నదాన్ని," అంది అత్తగారు ఇప్పుడు. "ఆ కుడిచేత్తో ఒక ముద్ద నోటికి చేర్చేసరికి పొద్దు వాలిపోతోంది. సగం ఒళ్ళో, సగం నేల మీద. ఎలా చూడమంటావ్?"

"నేను చూస్తున్నాను కదా."

"నువ్వు చూస్తావు. నీ గుండె గట్టిది."

పోసిన అచ్చును కోడలు ఆరడానికి పక్కన పెట్టింది. ప్లాస్టర్ గట్టిపడేటప్పుడు వేడెక్కుతుంది. ఆ వేడి అరచేతికి తగిలింది.

"ఏమండీ, మీరైనా చెప్పచ్చు కదా, వద్దమ్మా అని."

మేస్త్రీ కిటికీ బయటికి చూశాడు. ఈమధ్య ఆయనకు మాట కొంచెం ముద్దగా వస్తుంది.

"అడుగుతున్నది మిమ్మల్నే."

"వినపడింది."

"వినపడితే?"

"వినపడిందంటున్నాగా."

తలుపు తట్టిన చప్పుడైంది. ముగ్గురూ ఒక్కసారే ఊపిరి వదిలారు.

* * *

"ఊరందరి నోళ్ళూ మీ ఇంట్లోనే ఉన్నాయి," అంది ఎక్సర్‌సైజుల అమ్మాయి, చెప్పులు విప్పుతూ అరల నిండా ఉన్న తెల్లటి దవడల వంక చూసి. "అయినా ఇల్లు ఇంత నిశ్శబ్దంగా ఉందేంటక్కా?"

ఆ పిల్ల ముగ్గురి మొహాలూ చూసి, సంచీలోంచి చెక్కముక్కలు తీసి బల్ల మీద పేర్చింది.

"ఇవాళ పరీక్ష మేస్త్రీగారూ. కాపీ కొట్టడానికి లేదు. బొటనవేలు పైకెత్తండి. కుడిది."

మేస్త్రీ కుడి బొటనవేలి వంక చూశాడు. మెడ నరాలు ఉబ్బాయి. భుజం లేచింది. పెదవులు ముడుచుకుని, ఈల వేయబోతున్నట్టు ముందుకు వచ్చాయి. వేలు లేవలేదు.

"పోనీ, చెక్కముక్క పట్టుకోండి."

వేళ్ళన్నీ ఒకేసారి ముడుచుకుని ముక్కను పక్కకు తోశాయి. అది దొర్లి మైనం డబ్బాకు తగిలి ఆగింది.

"ఇంకోసారి."

ఇంకోసారీ అంతే. ఆ పిల్ల ముక్కలను ఒక్కొక్కటే సంచీలో వేసుకుంది.

"మొదటి రోజు ఎక్కడున్నామో అక్కడే ఉన్నాం," అంది. "ఈ వైద్యం అందరికీ ఒకేలా పనిచేయదు, నిజమే. కానీ అప్పుడు మీ వేళ్ళు కొంచెం విచ్చుకునేవి. అందుకే దీనికి పనికొస్తారని ఎంచుకున్నాం. ఎంతో కొంత రావాలి కదా. ఏం జరిగింది?"

కోడలు చెప్పింది. చాడీ చెప్పినట్టు ఉంటుందేమో అనుకుంది. ఏమీ అనిపించలేదు. "మధ్యాహ్నాలు నేను బయటికి వెళ్ళినప్పుడు బొంత తీసేస్తున్నారు. అత్తయ్య తినిపిస్తున్నారు."

"రోజూనా?"

"తీసింది నేనే," అంది అత్తగారు. "నన్ను తిట్టండి, అయిపోతుంది. మధ్యాహ్నం ఒక్కపూట నేను పెడితే వీడి చేయి రాకుండా పోతుందా? దెబ్బ తగిలింది తలకాయలో కదా. నా ముద్దకూ వాడి మెదడుకూ ఏం సంబంధం?"

ఆ పిల్ల తిట్టలేదు. బల్ల మీదున్న గులాబీ రంగు మైనపు రేకును అడిగి తీసుకుంది. వేలెడు వెడల్పున ఒక పట్టీ కత్తిరించి, అరచేతుల మధ్య వెచ్చబరచి, మేస్త్రీ తల మీద ఎడమచెవి పైనుంచి నడినెత్తి దాకా అతికించింది. మేస్త్రీ కదలకుండా కూర్చున్నాడు.

"పిల్లలు హెయిర్‌బ్యాండ్ పెట్టుకునే చోటు," అంది. "దీని కింద, ఎముక లోపల, ఇలాంటి పట్టీ ఒకటి ఉంటుంది మామ్మగారూ. ఎడమవైపున్న పట్టీ కుడివైపు ఒళ్ళును కదిలిస్తుంది. అటుది ఇటు. ఒంట్లో ఒక్కో భాగానికీ దీని మీద ఒక్కో వాటా."

నడినెత్తి దగ్గర గోటితో గీత గీసింది. "ఇక్కడ కాలు. అది లోపలి మడతలోకి దిగి ఉంటుంది. దెబ్బ అంతదూరం పోలేదు, అందుకే నడుస్తున్నారు. నడుమూ వీపూ కలిపి ఇదిగో, ఇంతే. ఇది మోచేయి. ఇప్పుడు చూడండి, చేయి." గోరు చాలా దూరం జరిగింది. "ఒక్క బొటనవేలికే వీపంతటికన్నా ఎక్కువ. దాని పక్కిల్లు మొహం. పెదవులు, నాలుక. పెద్ద ఒళ్ళున్నవాటికి పెద్ద వాటా కాదిక్కడ. సన్నపని చేసేవాటికి."

"అందుకేనా, వేలెత్తమంటే మూతి ముడుస్తాడు?"

"కొందరికి అలా అవుతుంది. పక్కిల్లు కదా, ఒకరిని పిలిస్తే ఇంకొకరు పలుకుతారు. ఈయన చేతి వాటాలో కొంత పాడైపోయింది. కొంత మిగిలింది. చేతిని వాడుతూ ఉంటే ఆ మిగిలింది, దాని చుట్టుపక్కలది, మళ్ళీ పని నేర్చుకుంటాయి. వాడకుండా పడేస్తే పక్కవాళ్ళు గట్టు జరుపుకుంటూ వచ్చేస్తారు."

"తలకాయలో కూడా గట్టు తగాదాలేనా తల్లీ!"

"అక్కడే ఎక్కువ. కోర్టులు కూడా లేవు."

అత్తగారికి నవ్వు వచ్చినట్టే వచ్చి ఆగిపోయింది. ఆమె నోట్లో ఒక్క పన్నూ లేదు. కొడుకు ఎన్నిసార్లు చేసిపెడతానన్నా కట్టుడు పళ్ళు వద్దంది, ఊడిపడితే నవ్వుతారని.

"ఇంకో సంగతి," అంది ఆ పిల్ల. "ఈ పట్టీ ఒక్కో కండరాన్నీ విడిగా లాగడమే కాదు. పనికి పనిగా కూడా కదిలిస్తుంది. కోతుల్లో చూశారు. ఈ పట్టీ మీద ఒకచోట చిన్న కరెంటు కాసేపు తగిలిస్తే, చేయి మడుచుకుని తనంతట తనే నోటి దగ్గరికి వెళ్తుంది. నోరు తెరుచుకుంటుంది. చేయి రావడం, నోరు తెరవడం, రెండూ కలిపి ఒకటే పని. చంటిపిల్లలకు ఎంత ముందే వస్తుందో మీకు తెలుసు కదా. అందుకే తిండి దగ్గర మొదలుపెట్టమన్నాను."

ఆమె అత్తగారి వైపు తిరిగింది. "మీరు పెట్టారు. నోరు తెరుచుకుంది. చేయి పడుకుంది."

అత్తగారు గుమ్మాన్ని పట్టుకుని నిలబడిపోయింది.

ఆ పిల్ల మైనపు పట్టీ తీసేసి, బొంత పట్టీ విప్పింది. చెమటకు ఎడమచేతి చర్మం ఒరుసుకుపోయిందేమో చూడాలి. వేళ్ళు ఒక్కొక్కటే తిప్పి చూస్తూ ఆగింది.

"ఇదేంటి?"

గోళ్ళ కింద గులాబీ రంగు గీతలు.

కోడలు బల్ల దగ్గర నుంచి లేవకుండానే చూసింది. చిగుళ్ళు చెక్కే మైనం. చన్నీళ్ళతో కడిగితే పోదు. ఆమె గోళ్ళలోనూ అదే ఉంది. కానీ ఆమె రోజంతా ఆ పనే చేస్తుంది.

కోడలు లేచి, నిన్న తిరిగి వచ్చిన డబ్బా తెరిచింది. పళ్ళ సెట్టును కిటికీ వెలుతురులో పట్టుకుంది. ముందు పళ్ళు తను అమర్చినట్టే ఉన్నాయి. వాటి పక్కపన్ను వెంట్రుకవాసి లోపలికి తిరిగి ఉంది. పంటికీ పంటికీ మధ్య చిగురు మెత్తగా పల్లంగా దిగి ఉంది. అలా దింపడం ఆమెకు రాదు.

బొంత కట్టిన మొదటి వారంలోనే, ఆయన ఎడమచేతి సాయం కూడా లేకుండా ఆమె ఒంటరిగా చేసిన సెట్టు ఒకటి తిరిగొచ్చింది. పెట్టుకున్న ముసలాయన నోరు మూయలేకపోయాడట. ఆ తర్వాత ఒక్కటీ తిరిగి రాలేదు. మొన్న డాక్టరు ఫోన్‌లో అన్నాడు, "చేయి తిరిగిందమ్మా నీకు. అచ్చం మేస్త్రీ చేసినట్టే ఉంది." ఆ మాటను ఆమె ఎవరికీ చెప్పలేదు. చెబితే కరిగిపోతుందని లోపల దాచుకుంది.

"ఎవరు దిద్దారిది?" అంది.

"అమ్మను అనకు," అన్నాడు మేస్త్రీ. "నేనే. తియ్యమన్నాను. బొంత."

"ఎన్ని సెట్లు?"

మేస్త్రీ తలదించుకున్నాడు.

"అన్నీనా?"

"వాడు ఎడమచేత్తో దిద్దుతుంటే దవడ కదలకుండా పట్టుకున్నది నేను," అంది అత్తగారు. "నువ్వు వచ్చేలోపల అవ్వాలి. ముద్దలు గబగబా కుక్కింది అందుకే. వాడి చేత్తో వాడు తింటూ కూర్చుంటే దిద్దేదెప్పుడు? ఈ వయసులో పళ్ళ పని నేర్చుకున్నానమ్మాయ్, నోట్లో ఒక్కటి లేకపోయినా."

"నాకు చెప్పచ్చు కదా."

"చెబితే," అన్నాడు మేస్త్రీ. మాట కూడదీసుకున్నాడు. "నువ్వు మళ్ళీ కత్తి పట్టుకోవు."

"అబద్ధం మీద పట్టుకున్నానా ఇన్నాళ్ళూ?"

"ఆ సెట్టు తిరిగొచ్చిన రోజు... నువ్వు గోడవైపు తిరిగి కూర్చున్నావు."

"కూర్చుంటే?"

"చూడలేకపోయాను."

కోడలు సెట్టును డబ్బాలో పెట్టి మూత మూసింది.

"ఆవిడ మిమ్మల్ని చూడలేరు. మీరు నన్ను చూడలేరు. ఈ ఇంట్లో చూడగలిగినదాన్ని నేనొక్కదాన్నేనా?"

గట్టిగా అనలేదు. ధర అడిగినట్టు అడిగింది.

ఎక్సర్‌సైజుల అమ్మాయి సంచీ భుజాన వేసుకుంది. "ఇంకో రెండు వారాలు ఇమ్మని ఆస్పత్రిలో అడుగుతాను. ఈ ఒక్కసారికి ఒప్పుకుంటారు. కానీ ఈసారి బొంత తీయకూడదు. ఆయన పళ్ళ జోలికి రాకూడదు. ఎవరో ఒకరు ఎదురుగా కూర్చుని, ఆయన చేతిలోంచి జారిపోతుంటే చూస్తూ ఊరుకోవాలి. వైద్యంలో సగం అదే. వద్దంటారా, అదీ చెప్పండి. ఎడమచేత్తో బతకడం నేర్పిస్తాను. అది తప్పేం కాదు. కుడిచేతి మీద ఆశ మాత్రం ఇక పెద్దగా పెట్టుకోకూడదు."

"ఎడమచేత్తో బాగానే దిద్దుతున్నాడుగా," అంది అత్తగారు ఆశగా. "పట్టుకోవడానికి నేను లేనూ?"

"ఎన్నాళ్ళుంటావమ్మా?" అన్నాడు మేస్త్రీ.

నొప్పించాలని అనలేదు. లెక్క చూసుకున్నట్టు అన్నాడు. అన్నాక ఆ మాట గదిలో ఎవరూ తీయని సామానులా ఉండిపోయింది.

"సాయంత్రంలోగా ఫోన్ చేయండక్కా," అని ఆ పిల్ల వెళ్ళిపోయింది.

* * *

మేస్త్రీ చాలాసేపు తన రెండు చేతులనూ మార్చి మార్చి చూశాడు. తర్వాత ఎడమచేతిని భార్య ముందుకు చాచాడు.

"కట్టు."

"ఆలోచించుకుని అంటున్నారా?"

"కట్టమన్నాను."

కోడలు తొడుగు వేసి పట్టీ బిగించింది.

"ఆ సెట్టు రేపు ఇవ్వాలి," అన్నాడు.

"ఇది ఇస్తాను. దీని తర్వాతవి నావే పంపిస్తాను."

"తిరిగొస్తాయి."

"రానీండి."

"డాక్టర్లు వేరేవాళ్ళను చూసుకుంటారు."

"చూసుకోనీండి."

తన గొంతు తనకే పక్కింట్లోంచి వచ్చినట్టు వినపడింది. భయం వేయవలసిన మాటలు. ఆ భయం కూడా ఎక్కడో ఉండే ఉంటుంది, తర్వాత వస్తుంది అనుకుంది.

అత్తగారు కంచంలో అన్నం వడ్డించి తెచ్చింది. కొడుకు ముందు స్టూలు మీద పెట్టింది. కూర్చోవడానికి చోటు చూసుకుని, మళ్ళీ గుర్తొచ్చి, వెనక్కి వెళ్ళి గుమ్మానికి ఆనుకుని నిలబడింది. కోడలు ఎదురుగా కుర్చీ లాక్కుని, రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చుంది.

మేస్త్రీ మొదలుపెట్టాడు. ముందు భుజం లేచింది. దాని వెనక ఒళ్ళంతా ఒక పక్కకు ఒరిగింది. చేయి కంచంలో దిగకముందే వేళ్ళు మూసుకున్నాయి. వాటిని తొడకు రాసి తెరిచి మళ్ళీ దింపాడు. ఈసారి నాలుగు మెతుకులు దొరికాయి. చేయి రొమ్ము దాకా లేచి, వణికి, విచ్చుకుపోయింది. మెతుకులు ఒళ్ళో పడ్డాయి.

మళ్ళీ.

కోడలు ఆ చేతి వంకే చూడాలనుకుంది. చూపు గుమ్మం వైపు పోయింది. కొడుకు చేయి లేచినప్పుడల్లా అత్తగారి నోరు తెరుచుకుంటోంది. ముద్ద జారిపోగానే మూసుకుంటోంది. పళ్ళు లేని నోరు, లోపల చీకటి. తను అలా చేస్తున్నట్టు ఆమెకు తెలియదు.

మేస్త్రీ కూడా చూశాడు. చేయి ఆపాడు.

"అమ్మా."

"ఏం నాన్నా?"

"నువ్వలా చేస్తుంటే నాకు రాదు."

"నేనేం చేశాను? ఇక్కడ నిలబడ్డాను, అంతేగా."

ఇద్దరూ ఆమె నోటి వంక చూశారు. ఆమె తన మొహాన్ని చేత్తో తడుముకుంది. పెదవుల దగ్గర చేయి ఆగింది.

మేస్త్రీ మళ్ళీ కంచంలో చేయి పెట్టాడు. ఈసారి ముద్ద గడ్డం దాకా వచ్చింది. నోరు తెరిచాడు. చేయి అక్కడే తడబడి ముద్దను గడ్డానికి పూసింది. అత్తగారి కాలు ఒకటి గుమ్మం దాటి ముందుకు వచ్చేసింది. కోడలు ఆమె వంక చూసింది. ఊరికే చూసింది.

అత్తగారు ఆగింది. కాలు వెనక్కి తీసుకుంది.

వంటింట్లో పొయ్యి ఆర్పిన చప్పుడు, కుళాయి తిప్పిన చప్పుడు, గిన్నె మీద మూత పెట్టిన చప్పుడు. ఆమె మళ్ళీ వచ్చినప్పుడు చేతులు తుడుచుకుని ఉన్నాయి. కళ్ళజోడు పెట్టుకుంది. చంకలో కూరలకు తీసుకెళ్ళే గుడ్డసంచీ ఉంది. కొడుకు కుర్చీ వెనక నుంచి, అతనికి అడ్డం రాకుండా, గోడ పక్కగా నడిచింది. గుమ్మం దగ్గర వంగకుండానే కాలితో చెప్పులు వెతికి తొడుక్కుంది.

ఎక్కడికి అని అడగవలసిన మనుషులు ఇద్దరున్నారు. మేస్త్రీ చేయి కంచానికీ నోటికీ మధ్య గాలిలో ఉంది. ఆయన తలుపు వంక చూస్తున్నాడు. కోడలు ఆయన చేతి వంక చూస్తోంది. ఇప్పుడు లేస్తే ఆ చేయి పడిపోతుంది.

తలుపు తెరుచుకుంది, మూసుకుంది. మెట్లు ఒక్కొక్కటే దిగుతున్న చెప్పుల చప్పుడు, తర్వాత వీధి గేటు. కోడలు తొడల కింద పెట్టుకున్న చేతులు తీయలేదు.